నీళ్ళకర్ర ఉపసంఘం

మా డైరెక్టరు గుడిమెట్ల విశ్వంభరరావు గారు చాలా మంచి మనిషి. జరిగినదంతా ఆయన మంచితనం వల్లే జరిగింది కాబట్టి ఆ మాట ముందే చెప్పేస్తున్నాను.

మాది తీరసేవల కార్యాలయం. చేపలపడవలకు కార్డులివ్వడం మా పని. సముద్రానికి కూతవేటు దూరంలో కొత్తగా కట్టిన మూడంతస్తుల భవనం. గోడలకు బదులు చుట్టూ అద్దాలు బిగించారు, మా పని ప్రజలకు పారదర్శకంగా కనపడాలని. కాని ఉప్పుగాలికి దుమ్ము తోడై ఆ అద్దాలు వారం తిరక్కుండానే సున్నం కొట్టినట్టు తెల్లబడిపోయేవి. వాటిని కడిగే మనిషి గరికిన పోలమ్మ.

పోలమ్మ జాలరిపేట మనిషి. నోరు పెద్దది, చెయ్యి చురుకైనది. ఆమె చేతిలో ఉండే సాధనాన్ని మేమంతా నీళ్ళకర్ర అనేవాళ్ళం. అదొక బోలు అల్యూమినియం గొట్టం. ఒకదాంట్లోంచి ఒకటి లాగుతుంటే పై అంతస్తుదాకా పెరుగుతుంది. కొసన బ్రష్షు ఉంటుంది. కింద పంపు వేస్తే లోపలి సన్నపైపులోంచి నీళ్ళెక్కి బ్రష్షులోంచి జల్లుగా పడతాయి. మనిషి నేలమీదే నిలబడి మూడో అంతస్తు అద్దం తోమొచ్చు. చెప్పడానికి హాయిగానే ఉంటుంది. రోజంతా తల వెనక్కి విరిచి, రెండు చేతులూ పైకెత్తి, నీళ్ళతో నిండిన ఆ గొట్టాన్ని మోసేసరికి పోలమ్మ కుడిభుజం పట్టేసింది. సాయంత్రం జడ అల్లుకోవడానిక్కూడా చెయ్యి పైకి లేవడం లేదని మా అటెండర్లతో చెప్పుకుని బాధపడేది.

డైరెక్టరు గారు మామూలుగా కారులో భవనం కింది షెడ్డులోకి వచ్చి లిఫ్టులో నేరుగా తన గదికి వెళ్ళిపోతారు. ఒక రోజు లిఫ్టు పాడై ముందు వాకిట్లో దిగాల్సి వచ్చింది. అప్పుడు పోలమ్మ ఆయన కంటబడింది. కర్ర ఊగుతోంది, దాంతోపాటు పోలమ్మా ఊగుతోంది. ఆయన ఆగి, కాసేపు చూసి, పక్కనే ఫైళ్ళు పట్టుకున్న నాతో, "పాపం, ఈమెకు తేలికైన కర్ర ఒకటి కొనిపెట్టండయ్యా" అన్నారు.

ఆ మాట విని పోలమ్మ పంపు ఆపేసి దణ్ణం పెట్టింది. "సల్లగుండండి బాబూ" అంది. నాకూ కళ్ళు చెమర్చాయి.

నేను జూనియర్ అసిస్టెంటుని. కొనుగోలు ప్రతిపాదన రాసి అకౌంట్సు ఆఫీసరు మజ్జి పురుషోత్తం గారి ముందు పెట్టాను. ఆయన కళ్ళజోడు సవరించుకుని చదివి, ఒక మాట కింద గీత గీశారు.

"తేలికైన అని రాశావు. తేలిక అంటే ఎంత?"

"పోలమ్మకు బరువనిపించనంత సార్."

"అది అభిప్రాయం. నేను అభిప్రాయాలు కొనలేను, వస్తువులే కొంటాను. తేలిక అనేది కర్ర లక్షణమా, మోసేవారి లక్షణమా? ముందు అది తేలాలి."

అది తేల్చడానికి నీళ్ళకర్ర తేలికతన నిర్ధారణ ఉపసంఘం ఏర్పడింది. డిప్యూటీ డైరెక్టరు తాడంకి ప్రమీలారాణి గారు కన్వీనరు. పురుషోత్తం గారు సభ్యులు. రాసుకోవడానికి నేను. ప్రమీలారాణి గారు దేన్నయినా పద్ధతిగా చేసే మనిషి. తన టిఫిను డబ్బా మూతమీద కూడా 'పైభాగం' అని చీటీ అంటించుకుంటారు.

మొదటి సమావేశంలో ఆవిడ అన్నారు: "తేలిక అనుభవంలో తెలియవలసిన విషయం. అనుభవం ఒక్కరిదైతే పక్షపాతం అవుతుంది. కావున సిబ్బంది యావన్మందిచేత పాతకర్రను ఎత్తించి, సగటు అభిప్రాయం సేకరించవలసి ఉంది."

మర్నాడు వాకిట్లో ఆఫీసంతా వరసకట్టింది. రికార్డుల సెక్షనువాళ్ళు ఉదయమే టిఫిను గట్టిగా లాగించి వచ్చారు. టైపిస్టు అమ్మాయిలు పక్కన నిలబడి చూస్తున్నారు. అంతమంది ఆడపిల్లల ముందు కర్ర బరువుగా ఉందని ఏ మగాడంటాడు? ఒక్కొక్కరూ కర్రను ఎత్తి, మొహం కందగడ్డలా అవుతున్నా నవ్వుతూ, "ఓస్, ఇంతేనా!" అని దించేశారు. మా హెడ్డుగుమాస్తా అయితే ఒంటిచేత్తో ఎత్తుతానని పందెం కాసి, ఎత్తాడు కూడా. కర్ర కొస వెళ్ళి వాకిట్లో ఉన్న కార్యాలయం బోర్డుకి తగిలి 'సేవల' అన్న మాట ఊడి కింద పడింది. ఆ తర్వాత చాలా కాలం మాది 'తీర కార్యాలయం'గానే ఉండిపోయింది.

టైపిస్టు అమ్మాయిలు కూడా మేమేం తక్కువా అని ఎత్తి తేలికే అన్నారు. చివర పోలమ్మ వంతు వచ్చింది.

"బరువండీ" అంది పోలమ్మ.

పురుషోత్తం గారు లెక్క కట్టి ఫలితం ప్రకటించారు. పాతకర్ర తేలికైనదే. వ్యతిరేకంగా వచ్చినది ఒకే ఒక అభిప్రాయం. అదీ ఆ కర్రతో పూర్వపరిచయం ఉన్న వ్యక్తిది.

పోలమ్మ ఊరుకోలేదు. "ఏటండీ ఈ అన్యాయం? మీరంతా ఓ పాలి ఎత్తి దించేసినారు. నాను పొద్దల్లా ఎత్తే ఉంచాల. ఈ బుజం మీది కాదు కదా, నాది" అని వాకిట్లోనే కూర్చుంది.

ప్రమీలారాణి గారు నిజానికి మెత్తని మనిషి. ఆ మాట ఆవిడ మనసుకి తగిలింది. "భుజం ఆమెది అన్నది సమంజసమైన అంశమే. వినియోగదారుల ప్రతినిధిగా ఆమెను ఉపసంఘంలోకి తీసుకుందాం" అన్నారు. పురుషోత్తం గారు ఒప్పుకున్నారు గాని ఒక చిక్కు చూపించారు. "నిర్ణేతగా ఉన్న వ్యక్తి నిర్ణయించవలసిన వస్తువుతో సంబంధం పెట్టుకోరాదు. కనక కొనుగోలు పూర్తయ్యేవరకు పోలమ్మ గారు నీళ్ళకర్ర తాకరాదు."

"మరి అద్దాలెవరు కడుగుతారు సార్?" అన్నాను.

"వేరొకరిని పెడితే భుజం మారుతుంది. భుజం మారితే తేలిక మారుతుంది. మళ్ళీ మొదటికొస్తాం. అద్దాలు ఆగుతాయి."

అద్దాలు ఆగాయి. పోలమ్మ జీతం మాత్రం ఆగకుండా ప్రమీలారాణి గారు ఆమెను పనికి పంపే కాంట్రాక్టరుకి గట్టిగా చెప్పారు.

ఉపసంఘంలో మొదటిరోజు పోలమ్మ కుర్చీ అంచున కూర్చుంది, లేవమంటారేమోనన్నట్టు. టీ ఇస్తే సాసర్లో పోసుకుని, తాగాలో వద్దో తెలియక నావైపు చూసింది. రెండో సమావేశానికి వెనక్కి జారబడింది. మరికొన్ని సమావేశాలయ్యేసరికి బిస్కెట్లు మెత్తబడ్డాయని అటెండరుని నిలదీసింది. మా మాటలు కూడా ఆమెకు పట్టుబడ్డాయి. వరండాలో స్వీపరు రాములమ్మ "అక్కా, కొత్త కర్ర ఎప్పుడొస్తాదే?" అని అడిగితే, పోలమ్మ చెంగు సర్దుకుని, "అది పరిశీలనలో ఉందే" అంది. అన్నాక తనే ముచ్చటపడి నవ్వుకుంది. భుజం నొప్పి కూడా తగ్గింది. జడ చక్కగా అల్లుకుని, కనకాంబరాలు పెట్టుకుని వచ్చేది.

ఉపసంఘం ఆఖరికి ఒక సూత్రానికి వచ్చింది. కంపెనీలను పిలుద్దాం, త్రాసు పెడదాం, ఏ కర్ర అందరికన్నా తక్కువ తూగితే దాన్నే కొందాం. వాదనకు తావులేదు. నాలుగు కంపెనీలు వస్తామని రాశాయి.

ప్రదర్శన రోజున ముందుగా ఒక విశాఖపట్నం కంపెనీ కుర్రాడు నల్లటి కర్ర తెచ్చాడు. కార్బన్ ఫైబరుది అన్నాడు. సన్నగా, నున్నగా ఉంది. నీళ్ళు నింపి చివరిదాకా లాగి, మా నియమం తెలియక, ఎవరూ ఆపేలోగా పోలమ్మ చేతికిచ్చాడు. పోలమ్మ ఎత్తింది. మొహం విప్పారింది.

"అమ్మా! సేతిలో ఉందా లేదా అన్నట్టుందండీ ఇది. మరింకేటీ సూడకండి. దీన్నే కొనేయండి."

"తొందరపడరాదు. ఇంకా మూడున్నాయి" అన్నారు పురుషోత్తం గారు.

రెండో కంపెనీవాడు సూత్రాన్ని జాగ్రత్తగా చదువుకుని వచ్చినట్టున్నాడు. నడుమెత్తు కర్ర తెచ్చాడు. మొదటిదానికన్నా తేలిగ్గా తూగింది. "ఇది కిటికీదాకా అందదు కదండీ" అన్నాను. "అందడం గురించి సూత్రంలో లేదు" అన్నారు ప్రమీలారాణి గారు, కాస్త ఇబ్బందిగానే. మూడోవాడు బ్రష్షూ పైపూ లేకుండా ఒట్టి గొట్టం తెచ్చి, బ్రష్షు బరువు కర్ర బరువు కాదని వాదించి, ఇంకా తేలిగ్గా తూచుకున్నాడు. నాలుగో కంపెనీ అసలు రానేలేదు.

"నాలుగోది త్రాసుమీద ఎంత చూపిస్తోంది?" అన్నారు పురుషోత్తం గారు.

"వాళ్ళు రాలేదు సార్."

"రాకపోవడం హాజరుకు సంబంధించిన విషయం. నేను బరువు అడుగుతున్నాను."

త్రాసు చూశాను. "సున్నా సార్."

"రాసుకో."

రాసుకున్నాను. నాలుగో కంపెనీ ఎంపికైంది. అభినందనలు చెబుదామని ఫోను చేస్తే, ఆ వ్యాపారం మానేసి ఇప్పుడు కాగితం పళ్ళాలు చేసుకుంటున్నామని వాళ్ళు మర్యాదగా చెప్పారు. "సరఫరాకు తగినంత వ్యవధి ఇద్దాం" అన్నారు ప్రమీలారాణి గారు. పోలమ్మ నోరు తెరిచి ఏదో అనబోయి, ఎందుకో బిస్కెట్టు తీసుకుని ఊరుకుంది. నల్లకర్ర కుర్రాడు వెళ్ళిపోతూ వెళ్ళిపోతూ వెనక్కి తిరిగి చూశాడు.

ఈలోగా అద్దాలమీద ఉప్పు పొరలుపొరలుగా పేరుకుంది. పగలే దీపాలు వేసుకుని పనిచేసేవాళ్ళం. మూడో అంతస్తులో డైరెక్టరు గారి గది చుట్టూ ఎప్పుడూ మసకమసగ్గా ఉండేది. కారుకు తెరలు, కింద షెడ్డు, పక్కన లిఫ్టు, పైన ఏసీ గది. ఆయనకు బయటి గాలి తగిలే అవకాశం లేదు. ఒకరోజు ఆయన కిటికీవైపు చూసి నిట్టూర్చి, "ఏమిటయ్యా ఈ ముసురు, వదలడం లేదు" అన్నారు.

బయట వేసవి ఎండ నిప్పులు చెరుగుతోంది. కాని డైరెక్టరు గారు ముసురన్నాక ఎండ అనడానికి మా ఆఫీసులో ఎవరికీ హోదా చాలదు. "అవునండి" అన్నారు పురుషోత్తం గారు. "అవునండి" అన్నాను నేనూ.

అసలు ప్రమాదం అక్కడే వచ్చింది. చేపలు గుడ్లుపెట్టే రోజులని విధించే వేటనిషేధం వేసవి చివర ముగుస్తుంది. పడవలు సముద్రంలోకి దిగాలంటే కొత్త కార్డులుండాలి. కార్డులు అచ్చయి డైరెక్టరు గారి గదిలోనే ఉన్నాయి. ఆయన స్వయంగా ఇసుకలో నిలబడి, ప్రతి జాలరికీ తన చేత్తో కార్డివ్వాలని ఆశపడ్డారు. మంచి ఆశే. "ఈ వానలో పాపం జనాన్ని తడపడం ఎందుకు? తెరిపిచ్చాక పెట్టుకుందాం" అని సభ వాయిదా వేశారు. మళ్ళీ వాయిదా వేశారు. నిషేధం ముగిసింది. చుట్టుపక్కల తీరమంతా పడవలు వేటకు పోయాయి. మా జాలరిపేట పడవలు మాత్రం ఒడ్డునే బోర్లా పడుకున్నాయి. జాలరులు రోజూ వచ్చి మా గేటు ముందు ఎండలో నిలబడి, పొద్దుగూకాక తిరిగి వెళ్ళేవారు.

వాళ్ళలో పోలమ్మ మరిది కొర్లయ్య ఉన్నాడు. ఒకరోజు ఉపసంఘం సమావేశానికి వెళ్తున్న పోలమ్మను గేటు దగ్గర ఆపాడు. నేను పక్కనే ఉన్నాను.

"వదినా, నువ్వు పెద్దోళ్ళ పక్కన కుర్సీలో కూకుంతన్నావంట. మా కార్డులేటయినాయో సెప్పు. పక్కూరోళ్ళ వలల నిండా సేపలు పడతన్నాయి. మన పొయ్యిలో పిల్లి తొంగుంది."

పోలమ్మ చెంగు సర్దుకుంది. "అది పరిశీలనలో ఉంది కొర్లా" అంది.

కొర్లయ్య తల దించుకుని, "సరేలెండి" అన్నాడు. ఎప్పుడూ నువ్వనే మరిది 'లెండి' అనేసరికి పోలమ్మ మొహం పాలిపోయింది. వెనక్కి వెళ్ళబోతున్నవాడి చొక్కా పట్టుకుని ఆపింది.

"ఆగరా. నాను నిన్నేటన్నాను ఇప్పుడు?"

"పరిసీలన అన్నావు."

"నా నోట్లోకి ఎలా వచ్చిందిరా ఆ మాట?" అని అక్కడే మెట్టుమీద కూలబడిపోయింది. కొంతసేపటికి తలెత్తి పైఅద్దాలవైపు చూసింది. చాలాకాలంగా ఆమె అటు చూడలేదు. "అయ్యో, ఎలా వదిలేసినాను! ముసురనుకుంతన్న ఆ బాబుకి లోపల్నించి పొద్దు ఎలా కనపడతాది?" అంది. కళ్ళు తుడుచుకుని లేచింది. "కొర్లా, నాను కర్ర ముట్టుకోకూడదు. మీకా అడ్డు లేదు. పడవల కాడ గెడలున్నాయి కదా, తెండి."

పడవల్ని తోసే పొడుగాటి వెదురుగెడలు వచ్చాయి. రెండేసి గెడలు జతకట్టి, కొసన పాతవల చుట్టి, నలుగురేసి పట్టుకుని లేపారు. మొక్కలకు నీళ్ళుపెట్టే పైపుతో రాములమ్మ కిందనుంచి జల్లు కొట్టింది. వేటపాట పాడుకుంటూ, వల లాగినట్టు ఊపుతో తోమడం మొదలెట్టారు. పోలమ్మ కింద నిలబడి, "ఎడంపక్కకి! ఇంకా పైకి! ఆ మూల వదిలేసినారు!" అని కేకలేసింది. తెల్లటి నీళ్ళు ధారలుగా జారాయి. పురుషోత్తం గారు పరుగున వచ్చి, "ఏమిటిది? ఈ గెడలు తూచారా? ఎవరు ఆమోదించారు?" అని అరిచారు గాని ఆయనమీద కూడా నాలుగు చుక్కలు పడేసరికి వరండాలోకి వెళ్ళి నిలబడ్డారు.

వాళ్ళు మూడో అంతస్తు అందుకునే సమయానికి నేను పైకెళ్ళి డైరెక్టరు గారి గదిలో సంతకాల కోసం నిలబడి ఉన్నాను. ఉన్నట్టుండి బల్లమీద ఎండ పడింది. ఆయన ఉలిక్కిపడి లేచి కిటికీ దగ్గరికి వెళ్ళారు. మొహం వెలిగిపోయింది.

"అమ్మయ్య, తెరిపిచ్చిందయ్యా! తుఫాను తీరం దాటేసింది!"

అని, ఆ ఊపులో లిఫ్టు కూడా తలుచుకోకుండా మెట్లమీదుగా గబగబా కిందికి దిగారు. వెనకాలే కార్డుల కట్టలు మోస్తూ నేను. వాకిట్లో అడుగుపెట్టగానే ఎండ చెళ్ళున తగిలింది. ఆయన నేలవైపు చూశారు. కడిగిన నీళ్ళు పడని చోటల్లా మన్ను పగుళ్ళిచ్చి ఉంది. జాలరుల మొహాలు చూశారు. నల్లగా మాడిపోయి ఉన్నాయి.

"ఎప్పటినుంచి ఎండ కాస్తోంది?" అన్నారు నెమ్మదిగా.

కొర్లయ్య గెడ దించి, అర్థంకాక చూశాడు. "ఎండ మానిందెప్పుడు బాబూ?"

డైరెక్టరు గారు జేబురుమాలు తీసి మొహం తుడుచుకుని, అది కళ్ళమీదే కాసేపు ఉంచుకున్నారు. తర్వాత అక్కడే, అద్దాలు కడిగిన నీళ్ళ బురదలో నిలబడి, పేరుపేరునా పిలిచి కార్డులిచ్చారు. సభా లేదు, దండలూ లేవు. అందరివీ ఇచ్చేదాకా నీడలోకి రమ్మన్నా రాలేదు. ఆ సాయంత్రమే జాలరిపేట పడవలు నీళ్ళలోకి దిగాయి.

మర్నాడు ఆయన ఉపసంఘాన్ని తన గదికి పిలిచి పోలమ్మని అడిగారు. "నీకు నచ్చిన కర్ర ఏదమ్మా?"

"నల్లదండీ."

"అది మిగతా మూడింటికన్నా బరువైనదండి" అన్నారు పురుషోత్తం గారు. "పైగా ఒకదానికైతే సున్నా బరువు."

"ఆ సున్నాతో మీరు ఒక్క అద్దం తుడిచి చూపించండి పురుషోత్తం గారూ. దాన్నే కొందాం" అన్నారు డైరెక్టరు గారు. ఎంతో మర్యాదగానే అన్నారు. పురుషోత్తం గారు కాసేపు ఆలోచించి, "అందులో ఆచరణపరమైన ఇబ్బందులున్నాయండి" అని ఒప్పుకున్నారు. నల్లకర్ర కొన్నాం.

పోలమ్మ ఉపసంఘానికి రాజీనామా చేస్తానంది. రాజీనామాకు నియమం లేదు, ఏర్పాటుకే ఉంది. అదీగాక ముగ్గురూ లేనిదే సమావేశం చెల్లదు, సమావేశం జరగనిదే ఉపసంఘాన్ని రద్దు చెయ్యడానికి వీల్లేదు. కబురుపెడితే పోలమ్మ, "నాకు పనుందని సెప్పండి బాబూ. కావాలంటే ఆళ్ళనే దిగిరమ్మనండి" అంది.

అందుకని ఉపసంఘం చివరి సమావేశం ఉదయంపూట వాకిట్లో, తడినేలమీద జరిగింది. పురుషోత్తం గారు గొడుగు వేసుకుని వచ్చారు. పోలమ్మ నల్లకర్ర ఎత్తి పట్టుకుని తోముతూనే ఉంది. ప్రమీలారాణి గారు రద్దు తీర్మానం చదవబోయి ఆగారు. "ఒకసారి ఇలా ఇవ్వు పోలమ్మా" అన్నారు.

పోలమ్మ ఇచ్చింది. ఆవిడ చెప్పులు విప్పి, కొంగు బిగించి, కర్ర ఎత్తారు. బ్రష్షు ఒక మూలనుంచి ఇంకో మూలకు వంకరటింకరగా పాకింది. మోచేతులదాకా నీళ్ళు కారాయి. అద్దం సగమయ్యేసరికి చేతులు వణకడం మొదలైంది.

"తేలికేనమ్మా?" అంది పోలమ్మ.

"తేలికే" అన్నారు ఆవిడ రొప్పుతూ. ఇంకాస్త తోమారు. "కాదే. చేతులు పైకెత్తి ఉంచితే ఇదీ బరువే."

"అవునమ్మా. మరేటి సేత్తాం" అంది పోలమ్మ నవ్వుతూ. కర్ర అందుకోవడానికి చెయ్యి చాచింది.

"ఉండు, అంచులు మిగిలాయి" అన్నారు ప్రమీలారాణి గారు. ఆ అద్దం పూర్తయ్యేదాకా ఆవిడ కర్ర తిరిగి ఇవ్వలేదు.